రుకాయి అంటే ఒక భాషా, ఆరు భాషలా? మా కొలీగ్ కొడుక్కి ఏది నేర్పాలి?

షించు_శీను
తైవాన్‌లో షించులో ఉద్యోగం నాది, వచ్చి ఐదేళ్లయింది. మా టీంలో ఒకాయన ఉన్నాడు, రుకాయి తెగ. ఆయనది దక్షిణాన పింగ్‌టుంగ్ కొండల్లో వుతాయ్, వాళ్లావిడది కావ్‌షుంగ్ వైపు దువోనా ఊరు, ఆవిడ కూడా రుకాయే. కొడుకు నాలుగో క్లాసు. స్కూల్లో వారానికోసారి సొంత భాష క్లాసు ఉంటుంది, దానికి ఫారం ఇచ్చారు. అందులో రుకాయి అని ఒక్కటే ఉంటుందేమో అనుకున్నా, కింద ఆరు గళ్లున్నాయి! ఆయన మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని ఆ ఫారమే చూస్తూ కూర్చున్నాడు. ఏంటన్నా అనడిగితే, "నా రుకాయి వేరు, మా ఆవిడ రుకాయి వేరు, పెళ్లయిన దగ్గర్నించీ ఇంట్లో మాండరినే, ఇప్పుడు వీడికి ఎవరిది రాయాలి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఒకరిది ఒకరికి అర్థం కానప్పుడు రెండిటికీ ఒకే పేరు ఎందుకు? వాళ్లు ఏ గడిలో టిక్ పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి, ఆయనకి నేను కాస్త పనికొచ్చే మాట చెప్పాలని ఉంది.

ఎర్రబస్సు
రుకాయి అంటే చైనీస్‌లో ఒక యాసా?

భాషాపిచ్చోడు
@ఎర్రబస్సు కాదు, చైనీస్‌కీ దీనికీ చుట్టరికమే లేదు. ఆస్ట్రోనేషియన్ కుటుంబం. మలయ్, తగలాగ్, హవాయి, మావోరి, అటు ఆఫ్రికా పక్కన మడగాస్కర్ భాష, అన్నీ ఆ కుటుంబమే. చైనా వాళ్లు 17వ శతాబ్దం నించి పెద్ద ఎత్తున వచ్చారు, వీళ్లు అంతకు కొన్ని వేల ఏళ్ల ముందు నించీ ఆ దీవిలో ఉన్నవాళ్లు. తైవాన్ ప్రభుత్వం గుర్తించిన ఆదివాసీ తెగలు ఇప్పుడు 16, అందులో రుకాయి ఒకటి, జనాభా 13 వేల పైచిలుకు.

ఇక శీను అడిగిన ఆరు గళ్ల సంగతి. కొండకి పడమర పింగ్‌టుంగ్ జిల్లా వుతాయ్ మండలంలో బుదాయి, అదే మండలంలో దావు ఊరి వాళ్లది లబువాన్. కొండ దాటి తూర్పున తైతుంగ్ వైపు తారోమాక్ ఊరు, వాళ్లది తానాన్, ఫారంలో తూర్పు రుకాయి అని ఉంటుంది. ఉత్తరాన కావ్‌షుంగ్ మావ్‌లిన్‌లో మూడు ఊళ్లు, మూడు మాటలు: మాగా, తోనా, మంతౌరన్. దువోనా అంటే తోనాయే. మీ కొలీగ్‌ది బుదాయి, ఆవిడది తోనా అన్నమాట. ఈ రెండూ దూరపు చుట్టాలు.

గుంటూరు_ఘాటు
13 వేల మందికి ఆరు రకాలా?? మా వీధిలో ఓటర్లే అంతకన్నా ఎక్కువ ఉంటారు

ఎర్రబస్సు
మాండలికాలే కదా ఎంత గొడవ. శ్రీకాకుళం వాళ్లు మాట్లాడితే చిత్తూరు వాళ్లకి మొదట్లో తికమకే, రెండ్రోజులు తిరిగితే అలవాటైపోద్ది. వాళ్లకీ అంతే.

మాటలమూట
@ఎర్రబస్సు అంత తేలిక కాదు. మన యాసల మధ్య పేపరుంది, సినిమా ఉంది, బడి పుస్తకం ఉంది, అందరం ఒకే తెలుగు చదివి పెరిగాం కాబట్టి సర్దుకుంటాం. వాళ్లకి మధ్యలో అలాంటిదేదీ లేదు. ఊరికీ ఊరికీ మధ్య లోయ, వాన పడితే దాటలేని ఏరు, అలా వందల ఏళ్లు. మంతౌరన్ వాళ్ల మాటల్లో చాలాచోట్ల మధ్యలో గొంతు పట్టి వదిలే శబ్దం వస్తుంది, మిగతావాళ్లు 'ఉ' అనే చోట వీళ్లు 'ఒ' అంటారు. మాగా వాళ్లయితే మాట మధ్యలో అచ్చులు మింగేసి హల్లు మీద హల్లు పేర్చేస్తారు. బుదాయి మనిషికి అది వింటే తన మాటని ఎవరో పిండేసి నీళ్లు తీసేసినట్టు ఉంటుంది. రెండు అనే అంకె బుదాయిలో 'ద్రుసా', మంతౌరన్‌లో 'నొసా'. అంకెలే అలా ఉంటే వాక్యం సంగతి చూస్కో.

ఎర్రబస్సు
సరే ఒప్పుకున్నా. మరి ఒకే పేరు ఎవరు పెట్టారు?

భాషాపిచ్చోడు
జపాన్ పాలన (1895 నించి 1945) టైంలో పండితులు తెగల్ని వర్గాలుగా విడగొట్టారు. మొదట్లో చాలాకాలం వీళ్లని పక్క తెగ పైవాన్‌లో కలిపి చూసేవాళ్లు, తర్వాత విడదీసి రుకాయి అన్నారు. వుతాయ్ వైపు వాళ్లు తమని ఙుద్రద్రెకాయ్ అని చెప్పుకుంటారు, చల్లని ఎత్తు కొండల జనం అనే అర్థంలో. మావ్‌లిన్ మూడు ఊళ్లకీ ఎవరి పేరు వాళ్లకి ఉంది, మంతౌరన్ వాళ్లయితే ఒపోనోహో అంటారు. పేరు పైనించి వచ్చింది, భాష కింద ఊళ్లలో ఉంది, శీను వాళ్ల ఫారంలో ఆ రెండూ ఒకే కాగితం మీద కలిశాయి.

కానీ శుద్ధ తప్పు పేరు కూడా కాదు. పాల్ జెన్-క్వే లీ అని తైవాన్ భాషావేత్త, 1973లో హవాయిలో ఆయన పీహెచ్‌డీ తానాన్ మీదే, తర్వాత 1977లో ఆరింటినీ పోల్చి రాశాడు. ఆరూ ఒక తల్లి నించి వచ్చినవే, మిగతా తైవాన్ భాషల్లో కనిపించని పోలికలు వీటి మధ్యే ఉన్నాయి. ఒక కొమ్మే, అయితే చాలా ముందే చీలిన కొమ్మ.

నల్లరేగడి
అంకెలన్నారు కాబట్టి అడుగుతున్నా, మిగతా అంకెలు ఎలా ఉంటాయి? చిన్నప్పట్నించీ నాకు ఏ భాషైనా ముందు అంకెలు వినాలనిపిస్తది

మాటలమూట
బుదాయిలో నాలుగు 'సుపాతె', ఐదు 'లిమా', ఆరు 'ఎనెమె', ఏడు 'పితు', తొమ్మిది 'బఙాతె'. ఐదు చూడు, మలయ్‌లో లిమా, హవాయిలో లిమా, మావోరిలో రిమా, మడగాస్కర్‌లో దిమి. చెయ్యి రుకాయిలో 'అలిమా'. ఐదు వేళ్ల చెయ్యి సముద్రాలన్నీ దాటి వెళ్లింది. కన్ను 'మాత్సా', మలయ్‌లో మాతా.

ఇంకోటి చూడండి, తెలుగోళ్లకి ఇది బాగా నచ్చుతుంది. పాత మూల భాషలో ఆరు 'ఎనెమ్', హల్లుతో ఆగిపోయేది. రుకాయి దానికి అచ్చు తగిలించి ఎనెమె చేసింది. సుపాతె కూడా అంతే. మనం బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసినట్టే. మనలాగే అజంత భాష అది.

గుంటూరు_ఘాటు
అరె! ఇప్పుడు నాకు వాళ్లు మేనమామ పిల్లల్లా అనిపిస్తున్నారు

నల్లరేగడి
మనం, మేము తేడా ఉంటదా వాళ్లకి? హిందీలో హమ్ ఒక్కటే, ఇంగ్లీషులో వీ ఒక్కటే, మా పాపకి ఈ తేడా చెప్పలేక చస్తున్నా, అమెరికాలో పుట్టింది

మాటలమూట
ఉంది. బుదాయిలో క్రియ చివర '-తా' తగిలిస్తే మనం, '-నాయ్' తగిలిస్తే మేము. మనుషుల్ని లెక్కపెట్టే అంకెలు వేరే, వస్తువుల్ని లెక్కపెట్టేవి వేరే. ముగ్గురు మనుషులు, మూడు కుండలు. చుట్టరికం ఏమీ లేదు, రెండు భాషలూ విడివిడిగా ఒకే పని చేశాయి అంతే, కానీ మీ పాపకి చెప్పండి, మనం, మేము వేరుగా అనే పిల్లలు ఆ కొండల్లో కూడా ఉన్నారని.

కోస్తాగాలి
నేను ఒప్పుకోనిది చెప్తా, తిట్టుకోకండి. 13 వేల మంది, అందులో మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. దీనికి ఆరు పుస్తకాలు, ఆరు పరీక్షలు, ఆరు రకాల టీచర్లు ఎక్కణ్నించి తెస్తారు? బుదాయి వాళ్లు ఎక్కువ కదా, అదే ప్రామాణికం చేసేసి అందరికీ నేర్పితే ఒకటైనా బతుకుద్ది. లేకపోతే ఆరూ పోతాయి. కష్టంగా ఉన్నా లెక్క అదే.

అరకు_పొగమంచు
@కోస్తాగాలి ఆ లెక్కలో ఎవరు పోతారో చూడండి ముందు. మంతౌరన్ మాట్లాడే ఊరు వాన్‌షాన్ ఒక్కటే, జనం కొన్ని వందలు. వాళ్ల పిల్లాడికి బడిలో బుదాయి నేర్పారనుకోండి, వాడు ఇంటికెళ్లి తాతకి చెప్తే తాతకి అర్థం కాదు. తాత చెప్పేది వాడికి రాదు. అప్పుడు వాడికి మాండరిన్ పరాయిదే, బుదాయీ పరాయిదే. ఒకటి బతికించడానికి వాడి తాతని వాడి నించి లాక్కున్నట్టు అయింది. మావ్‌లిన్ మూడు మాటల్నీ తైవాన్ ప్రభుత్వమే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది, అవి ముందు మునిగేవి, వాటిని వదిలేసి తేలేదాన్ని పట్టుకోమంటున్నారు మీరు.

నేను ఏజెన్సీలో పదేళ్లు టీచర్‌గా చేశా. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లాడికి మొదటిరోజు తెలుగు పుస్తకం చేతిలో పెట్టినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో నేను చూశాను, మర్చిపోలేను.

కోస్తాగాలి
టీచర్ గారూ మీ అనుభవానికి దండం. కానీ డబ్బు, మనుషులు ఎక్కడ్నించి అన్న ప్రశ్న అలాగే ఉంది.

భాషాపిచ్చోడు
@కోస్తాగాలి మనుషులు లేరన్నది నిజం, డబ్బు మాత్రం కొంత పెడుతున్నారు. 2001 నించి ఆదివాసీ భాషలకి సర్టిఫికెట్ పరీక్ష ఉంది, 2005లో అందరికీ రోమన్ లిపి ఖాయం చేశారు, 2017లో చట్టం చేసి వీటిని జాతీయ భాషలన్నారు. పరీక్షలు 16 భాషలకి, వాటిలో 42 మాండలికాలకి విడివిడిగా. అంటే మీరు వద్దంటున్న పనే వాళ్లు ఎంచుకున్నారు. మంతౌరన్‌కి మంచి వ్యాకరణం కూడా ఉంది, ఎలిజబెత్ జైటూన్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ఆ ఊరి పెద్దలతో కూర్చుని రాసింది, 2007లో వచ్చింది. అలాంటి పని ఒక్కో మాండలికానికీ కావాలి.

వేపపూత
ఆ సర్టిఫికెట్ ఉంటే పై చదువుల ప్రవేశ పరీక్షలో ఆదివాసీ పిల్లలకి అదనపు మార్కులు 35 శాతం కదా, లేకపోతే 10. మా తమ్ముడు తైనాన్‌లో చదువుతున్నాడు, వాడి రూమ్మేట్ పైవాన్, వాడు చెప్పాడట. పరీక్ష కోసం బట్టీ పట్టి పాసై ఆ మర్నాడే మర్చిపోయేవాళ్లు కూడా ఉన్నారట.

అరకు_పొగమంచు
బట్టీ పట్టినా పర్లేదమ్మా, కనీసం అడగడానికి అవ్వ దగ్గరికి వెళ్తాడు.

షించు_శీను
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఈరోజు ఆయనతో మళ్లీ మాట్లాడా. లిమా సంగతి చెప్తే గట్టిగా నవ్వాడు, మా నాన్న ఫిలిప్పీన్స్ వర్కర్లతో బజార్లో అంకెలతోనే బేరమాడేవాడు అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, వాళ్ల నాన్నకి చిన్నప్పుడు బడిలో సొంత భాష మాట్లాడితే మెళ్లో పలక వేలాడదీసేవాళ్లట, తర్వాత ఎవరు నోరు జారితే వాళ్ల మెడలోకి మార్చేవాళ్లట. ఆ మనిషి పెద్దయ్యాక పిల్లలతో బుదాయి మాట్లాడాలంటే జంకేవాడట. "మాకు రానిది వాళ్లు నేర్పకపోవడం వల్ల కాదు, వాళ్లకి భయం నేర్పారు" అన్నాడు. నేనేమీ అనలేకపోయా.

నల్లరేగడి
మాండరిన్ ఒక్కటే అని రుద్దిన రోజులు అవి. 1987లో మార్షల్ లా ఎత్తేసేదాకా అంతే. ఆ పలక కథ తైవాన్ ఆదివాసీ పెద్దల్లో ఎవర్నడిగినా చెప్తారు.

మా ఇంగ్లీష్ మీడియం స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ వేసేవాళ్లు. నేను నాలుగో క్లాసులో ఏడు రూపాయలు కట్టా, అమ్మ పోపులడబ్బాలోంచి తీసిచ్చేది. ఏం తప్పు చేశావే అనేది. ఇప్పటికీ ఆ ప్రశ్నకి జవాబు లేదు నా దగ్గర. కానీ మనకి ఇంటికొస్తే ఊరంతా తెలుగే. వాళ్లకి అది లేదు.

కొండవాగు
చాలాసేపట్నించీ చదువుతున్నా, ఒకటి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నా. భాష పోవడానికి బడి ఒక్కటే కారణం కాదు, ఊరు పోవడం కూడా. 2009 ఆగస్టులో మొరాకోట్ తుఫాను వచ్చింది, మూడు నాలుగు రోజుల్లో కొన్నిచోట్ల 2,500 మిల్లీమీటర్ల పైన వాన, మనకి రెండు మూడేళ్లలో పడేది. రుకాయి ఊరు హావ్‌చా మొత్తం మట్టీ రాళ్ల కింద కూరుకుపోయింది. అది కూడా పాత ఊరు కాదు, అసలు ఊరు పైన కొండ మీద కుచాపుఙానె, పలకరాళ్లతో కట్టిన ఇళ్లు, అక్కణ్నించి 1970ల చివర్లో బడికీ ఆసుపత్రికీ దగ్గరని కిందికి దిగి ఏటి ఒడ్డున కట్టుకున్నారు. ఆ ఏరే మింగేసింది. తర్వాత వాళ్లని రినారి అనే కొత్త కాలనీకి మార్చారు, అక్కడ రెండు పైవాన్ ఊళ్ల వాళ్లతో కలిపి. పైవాన్ వేరే భాష. పక్కింటివాళ్లతో, కొట్టులో, పిల్లల ఆటలో ఏం మాట్లాడుకుంటారు? మాండరినే. వుతాయ్ మండలంలోని ఇంకొన్ని ఊళ్ల వాళ్లని కూడా మైదానంలో ఇంకో కాలనీకి దించారు.

కొండ మీద ప్రతి రాయికీ, మలుపుకీ పేరుంటుంది, వేటకెళ్లే దారి పేర్లు, కొర్ర చేను పేర్లు. చేను లేకపోతే ఆ పేరు ఎవరితో అంటావు? మాది పోలవరం ముంపు ఊరు, అందుకే ఇది చదివి వదిలేయలేకపోయా. మా పాత ఊళ్లో గట్టుకి పేరుండేది, కాలనీలో వీధికి నంబరుంది.

వేపపూత
మీ చివరి లైను చదివి ఫోన్ పక్కన పెట్టేశా కొండవాగు గారూ.

కోస్తాగాలి
నిజమే, కానీ అంతా తుఫాను మీద వేయలేం. అంతకు ముందే కుర్రాళ్లు పనుల కోసం కావ్‌షుంగ్, తైపే వెళ్లిపోయారు. శీను కొలీగే చూడండి, షించులో ఉన్నాడు. కొండ మీద ఊరు నిలబడినా ఇంట్లో మాట నిలబడదు అలా అయితే.

కొండవాగు
@కోస్తాగాలి అది కాదనను. కానీ వెళ్లినవాడు పండక్కి తిరిగిరావడానికి ఊరుంటే ఆ నాలుగు రోజులైనా మాట చెవిన పడుతుంది. కుచాపుఙానెకి ఇప్పటికీ నడిచి ఎక్కి పలకరాళ్ల ఇళ్లు బాగుచేసుకునేవాళ్లున్నారు, 2016లో ప్రమాదంలో ఉన్న వారసత్వ కట్టడాల్ని చూపించే వరల్డ్ మాన్యుమెంట్స్ వాచ్ జాబితాలో అది చేరింది. మేఘచిరుత దారి చూపిస్తే పూర్వీకులు అక్కడికి వచ్చి ఆగారని వాళ్ల కథ. ఆ చిరుత తైవాన్‌లో ఇక లేదని 2013లో తేల్చేశారు.

గుంటూరు_ఘాటు
తారోమాక్ గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు, అటువైపు ఎలా ఉంది?

మాటలమూట
వాళ్లు తూర్పు వాలులో ఒంటరిగా ఉన్నారు, చుట్టూ పుయుమా తెగ. జూలైలో కొర్ర కోతల పండగకి పెద్ద ఉయ్యాల కడతారు, ఆడపిల్ల ఎక్కితే కుర్రాళ్లు తాడు లాగి ఊపుతారు. మన అట్లతద్ది గుర్తొస్తుంది. తానాన్ మాటకి బుదాయి దగ్గరే.

తారోమాక్ మాట వచ్చింది కాబట్టి, లీ గారు 1973లో అక్కడ చూసిందే తర్వాత పెద్ద చర్చైంది. తగలాగ్ లాంటి భాషల్లో క్రియ రూపం మార్చి, చేసినవాణ్నో, చేసినదాన్నో, చోటునో, పనిముట్టునో ముందుకు తెస్తారు, తైవాన్ భాషలు చాలావాటికి ఆ పద్ధతే. రుకాయికి అది లేదు! ఉన్నవి రెండే, తిన్నాడు, తినబడింది. కర్మణికి ముందు 'కి-' చేరుస్తారు. మనకి మామూలుగా అనిపిస్తుంది కానీ ఆ కుటుంబంలో ఇదే వింత. రుకాయి ఆ పద్ధతి పోగొట్టుకుందా, లేక అది పుట్టకముందే మిగతావాటి నించి విడిపోయిందా? స్టారోస్టా అనే ఆయన రుకాయే మొట్టమొదట చీలిందన్నాడు. 2009లో మాల్కం రాస్ రుకాయి, త్సో, పుయుమా మూడింటినీ ఒక్కోటీ విడి కొమ్మ చేసి మిగతా కుటుంబమంతటినీ ఒక పక్క పెట్టాడు. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోరు. మడగాస్కర్ నించి ఈస్టర్ దీవి దాకా ఉన్న భాషల పుట్టుపూర్వం తేల్చాలంటే ఈ 13 వేల మంది మాట వినకుండా తేలదు.

ఎర్రబస్సు
తినబడింది అని మా ఇంట్లో ఎవడైనా అంటే నవ్వుతారు, మరి వాళ్లు నిజంగా మామూలు మాటల్లో వాడతారా?

మాటలమూట
ధారాళంగా. మనకది పుస్తకాల్లో ఉండేది, వాళ్లకి వంటింట్లో ఉండేది. ఆ 'కి-' నామవాచకం ముందు చేరిస్తే పోగుచేయడం, తెచ్చుకోవడం అనే అర్థం కూడా వస్తుంది, కట్టెలకి చేరిస్తే కట్టెలు ఏరుకోవడం. పొందడం అనే అర్థం నించే 'తినబడింది' లాంటి అర్థం పుట్టిందని కొందరంటారు. నాకు నమ్మబుద్ధేస్తుంది, మనం దెబ్బలు తినడం అంటాం కదా.

అరకు_పొగమంచు
ఇక్కడ గిడుగు గుర్తొస్తున్నారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల మాట నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మనం ఆగస్టు 29న ఆయన్ని తెలుగు కోసం తల్చుకుంటాం, సవర కోసం తల్చుకునేవాళ్లు తక్కువ. శీనూ, మీ కొలీగ్ అత్తగారు బతికున్నారా? ఏ గడి అన్నదానికి నా జవాబు దాని మీదే ఉంది.

షించు_శీను
ఉన్నారు టీచర్ గారూ, దువోనాలోనే. 81 ఏళ్లు. ఆయన అమ్మానాన్న ఇద్దరూ పోయారు.

అరకు_పొగమంచు
అయితే తోనా రాయమనండి. బుదాయికి జనం ఉన్నారు, పుస్తకాలున్నాయి, వాడు ఇరవయ్యేళ్లకి నేర్చుకున్నా దొరుకుతుంది. అమ్మమ్మ అప్పటికి దొరకదు.

కోస్తాగాలి
ఈ ఒక్క విషయంలో టీచర్ గారితోనే నేను. నా లెక్క ప్రకారమైనా అదే సరి.

కొండవాగు
ఫోన్లో రికార్డు చేయమనండి కూడా. పాటలూ కథలూ అని కూర్చోబెట్టకండి, ముసలివాళ్లు బిగుసుకుపోతారు. వంట చేస్తున్నప్పుడు, తిడుతున్నప్పుడు, పక్కావిడతో మాట్లాడుతున్నప్పుడు తియ్యమనండి. మా నాయనమ్మది ఒక్క నిమిషం కూడా లేదు నా దగ్గర.

షించు_శీను
మూడు వారాల తర్వాత వచ్చా, సారీ, రిలీజ్ పనిలో పడిపోయా. తోనా గడిలో టిక్ పెట్టారు. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ ఫారం మీద పెన్ను పట్టుకుంది ఆయనే. క్లాసు ఆన్‌లైన్‌లో, టీచర్ దువోనా వైపు ఆవిడే, ఇద్దరే పిల్లలు. మొన్న వీడు వీడియో కాల్‌లో అమ్మమ్మకి అంకెలు చెప్పాడట, ఆరు దగ్గర ఆగిపోతే ఆవిడ అందుకుని పది దాకా చెప్పి, మళ్లీ మొదట్నించి అనమందట. నాలుగుసార్లు అనిపించిందట. వాళ్లావిడ వెనక నిలబడి వింటూ తనూ పెదాలు కదుపుతోందని ఆయన చెప్పాడు. రికార్డింగ్ సంగతి కూడా చెప్పా కొండవాగు గారూ, చైనీస్ న్యూ ఇయర్ సెలవులకి దువోనా వెళ్తున్నారు, నన్నూ రమ్మన్నారు.

గుంటూరు_ఘాటు
వెళ్లు బ్రో! వెళ్లి ఏడు దగ్గర్నించి నువ్వు కూడా నేర్చుకుని రా

కొండవాగు
చార్జర్ రెండు తీస్కెళ్లమను. మైక్‌కి దూది చుట్టమను, కొండ మీద గాలి చప్పుడు మాటని తినేస్తుంది.